స్పిన్ బైక్: నిమిషానికి ఎన్ని చుట్లు తొక్కాలి? పాదం మొద్దుబారకుండా ఏ షూ వాడాలి?

తొక్కుడుబిళ్ల (ప్రశ్న)

ఇంట్లో మాగ్నెటిక్ స్పిన్ బైక్. ఫ్రీవీల్ లేదు, ఫ్లైవీల్ (బరువైన చక్రం) తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతూనే ఉంటాయి. వీడియో క్లాసులో 110 అన్నప్పుడు అంత వేగం అందుకోగలుగుతున్నా గానీ సీటు మీద ఎగిరెగిరి పడుతున్నా. 20 నిమిషాలు దాటితే కుడి పాదం ముందు భాగం, వేళ్లు మొద్దుబారుతున్నాయి. వేసుకునేది మెత్తటి రన్నింగ్ షూ. పెడల్‌కి ప్లాస్టిక్ బుట్ట, పట్టీ ఉన్నాయి. అసలు ఎంత వేగం సరైనది? క్లిప్ షూ (పెడల్‌కి తగులుకునేది) కొంటే మొద్దుబారడం తగ్గుతుందా? కొంటే పెడళ్లు కూడా మార్చాలా?

గేరులేనిబండి

ముందు వేగం సంగతి చూద్దాం. స్పిన్నింగ్ క్లాసుల్లో చదును రోడ్డు లెక్కకు 80–110, ఎత్తు ఎక్కే లెక్కకు 60–80 చుట్లు. 110 అనేది ఆ పరిధికి పైఅంచు. కొత్తవాళ్లు చదునుకు 80–95 మధ్య ఉంటే చాలు.

ఎగరడానికి కారణం వేగమొక్కటే కాదు, బిగువు లేకపోవడం. బిగువు పెంచే నాబ్ వదులుగా ఉంటే మీరు ఫ్లైవీల్‌ని తిప్పడం మానేసి, అదే మీ కాళ్లను తిప్పుతుంది. పెడల్ కిందికి చేరాక కూడా కాలు నెడుతూనే ఉంటుంది, ఆ నెట్టుడుకి నడుము పైకి లేస్తుంది. 90 దగ్గర పెట్టుకుని, ఎగరడం ఆగేదాకా నాబ్‌ని కొద్దికొద్దిగా బిగించండి. అక్కడ ఐదు నిమిషాలు కుదురుగా తొక్కగలిగితే 95కి వెళ్లండి. మళ్లీ ఎగిరితే వెనక్కి రండి.

అలాగని మరీ బిగించి 50తో ఈడ్చడమూ మంచిది కాదు. 120 వాట్ల పనే తీసుకోండి. 170 మి.మీ. క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) మీద 60 చుట్లతో చేస్తే సగటున 11 కిలోలకు పైగా బరువు నెట్టాలి, 90 చుట్లతో అయితే సుమారు ఏడున్నర కిలోలే. పని అదే, మోకాలి మీదా అరికాలి మీదా పడే భారం వేరు.

సీటు ఎత్తు కూడా చూసుకోండి. మడమను పెడల్ మీద పెట్టి కిందికి తెస్తే కాలు నిటారుగా రావాలి. పాదం మామూలు చోట పెట్టినప్పుడు మోకాలు కొంచెం, అంటే 25–35 డిగ్రీలు వంగి ఉండాలి. సీటు ఎక్కువైతే నడుము పక్కలకు ఊగుతుంది, వేళ్లతో పెడల్‌ని అందుకోవాల్సి వస్తుంది.

మీటర్ మీద నమ్మకం లేకపోతే 15 సెకన్లలో కుడి మోకాలు ఎన్నిసార్లు పైకి వచ్చిందో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి.

క్లీట్‌మేస్త్రి

మొద్దుబారడానికి చాలావరకు ఆ షూనే కారణం. రన్నింగ్ షూ అడుగున నురగ ఉంటుంది, నేల తాకిడిని మింగడానికి. పెడల్ మీద ఆ మెత్తదనమే చేటు. పెడల్ సన్నది కాబట్టి అడుగు దాని చుట్టూ వంగి, భారమంతా వేళ్ల వెనకున్న ఎముకల మధ్య నరాల మీద పడుతుంది. పైన పట్టీ కూడా బిగిస్తే రెండువైపులా నొక్కుడే.

ఇప్పటికిప్పుడు డబ్బు ఖర్చు లేకుండా చేయగలిగినవి: బొటనవేలి వెనక ఉబ్బుగా ఉండే ఎముక సరిగ్గా పెడల్ ఇరుసు మీదికి రావాలి. బుట్ట లోతు తక్కువైతే పాదం వెనక్కి జారిపోయి, భారం వేళ్ల మీదే పడుతుంది. పట్టీ కింద ఒక వేలు దూరేంత వదులు ఉంచండి. తొక్కుతున్నంతసేపూ పాదం ఉబ్బుతుంది కాబట్టి లేసులు కూడా ముందువైపు వదులుగా, మడమ దగ్గర గట్టిగా కట్టండి. మిగిలిన కొసలు లోపలికి దోపండి, క్రాంక్‌కి చుట్టుకుంటే ఫ్రీవీల్ లేని బండి ఆగదు.

షూ ఎంచుకునే పరీక్ష: ముక్కును, మడమను పట్టుకుని మధ్యకు వంచండి. తేలిగ్గా మడతపడితే దీనికి వద్దు. మన ఇళ్లలో చెప్పులు బయటే కాబట్టి చాలామంది ఉత్తికాళ్లతో ఎక్కేస్తారు, అది ఇంకా ప్రమాదం: చెమటకు జారితే తిరుగుతున్న పెడల్ పిక్కకు తగులుతుంది. బయట తొడగని జత ఒకటి బైక్ దగ్గరే పెట్టుకోండి.

మెత్తటి షూ తీసేసినా, బైక్ దిగినా తిమ్మిరి పోకపోతే, లేదా షుగర్ ఉంటే, డాక్టర్‌కి చూపించండి.

తొక్కుడుబిళ్ల

థాంక్స్ అండీ. క్లిప్ షూ సంగతి? ఇదే బైక్ అమ్మ కూడా వాడుతుంది, ఆవిడ వాకింగ్ షూతోనే ఎక్కుతుంది.

గేరులేనిబండి

నా మాటైతే ముందు బిగువు, పాదం చోటు సరిచేసి రెండు వారాలు చూడండి. 30 నిమిషాల లోపు తొక్కేవాళ్లకు గట్టి అడుగున్న మామూలు షూ సరిపోతుంది.

క్లీట్‌మేస్త్రి

రెండు వారాలు చూడడం వరకు సరే గానీ, వారానికి నాలుగైదు రోజులు 45 నిమిషాల క్లాసులు చేస్తే క్లిప్ షూ దండగ కాదు. గట్టి అడుగు వల్ల భారం పాదమంతా పరుచుకుంటుంది, నిలబడి తొక్కినప్పుడు పాదం జారదు.

మీ ఇంటికి ఒకవైపు ఎస్‌పీడీ (షిమానో కంపెనీ క్లిప్ రకం), రెండోవైపు బుట్ట ఉన్న పెడళ్లు తీసుకోండి. జిమ్ బైకులకు చాలాచోట్ల ఇవే ఉంటాయి. మీరు ఒకవైపు, అమ్మగారు రెండోవైపు. షూ అడుగున రెండు బోల్టుల రంధ్రాలు ఉండాలి. పెలోటన్ కంపెనీ బైక్‌తో వచ్చే పెడళ్లు లుక్ డెల్టా అనే వేరే రకం, దాని క్లీట్‌కి (షూ అడుగున బిగించి పెడల్‌కి తగిలించే ముక్క) మూడు బోల్టులు, ఎస్‌పీడీలో పట్టదు. రెండు బోల్టుల రకంలో క్లీట్ అడుగు లోపలికి దిగి ఉంటుంది, టైల్స్ మీద నడిచినా జారదు.

క్లీట్ బిగింపు: బొటనవేలి వెనక ఎముక, చిటికెనవేలి వెనక ఎముక ఎక్కడొస్తాయో షూ పక్కన పెన్‌తో గీత పెట్టండి. క్లీట్ మధ్యభాగం ఆ రెండు గీతల నడుమ రావాలి. మొద్దుబారే పాదమైతే 2–3 మి.మీ. మడమవైపు జరపండి. బోల్టులకు గ్రీజు రాయకపోతే చెమట ఉప్పుకి తుప్పుపట్టి ఊడవు. 4 మి.మీ. అలెన్ కీతో 5–6 న్యూటన్ మీటర్ల బలంతో బిగించండి. క్లీట్ వంకరగా ఉంటే పాదం కంటే ముందు మోకాలు చెబుతుంది.

మొదట్లో పెడల్ స్ప్రింగ్ బిగువు పూర్తిగా తగ్గించి, కదలని బైక్ మీద మడమను బయటికి తిప్పి విడిపించుకోవడం అలవాటు చేసుకోండి. తొక్కుతూ మాత్రం విడిపించుకోవద్దు. నాబ్ నొక్కి ఫ్లైవీల్ ఆపాకే దిగాలి.

గేరులేనిబండి

పెడళ్లు ఆర్డర్ చేసే ముందు మర కొలత చూడండి. స్పిన్ బైకులకు ఎక్కువగా 9/16 అంగుళం, కొన్ని చవక ఎక్సర్‌సైజు బైకులకు 1/2 అంగుళం. ఎడమ పెడల్ మర ఉల్టా. 15 మి.మీ. స్పానర్ పిడి పైకి ఉండేలా పెట్టి, ఏ వైపైనా బైక్ వెనకవైపుకి లాగితే ఊడుతుంది, ముందుకు నెడితే బిగుస్తుంది. మొదటి రెండు మూడు చుట్లు స్పానర్ లేకుండా వేళ్లతోనే ఎక్కించండి. వంకరగా ఎక్కిన మరను స్పానర్‌తో లాగితే క్రాంక్ మర పోతుంది, ఆ తర్వాత క్రాంకే మార్చాల్సి వస్తుంది.