సాంబ్రాణి, గుగ్గిలం, మైసాక్షి: ఏ పేరు దేనికి?

ప్రశ్న (కావలి నుంచి)

ఆశ్వయుజం, కార్తీకం వస్తే మన వైపు ఇళ్లలో ధూపం వేయడం మామూలే. అంగట్లో గుగ్గిలం అడిగితే ఒకచోట పసుపుపచ్చ పలుకులు ఇస్తారు, ఇంకోచోట జిగటగా ఉండే ముదురు గోధుమరంగు ముద్ద ఇస్తారు. సాంబ్రాణి అంటే నల్లటి కప్పుల డబ్బా చేతిలో పెడతారు. ఇవన్నీ ఒకటేనా? ఇంకో సందేహం: "పొగ పెట్టడం" అనొచ్చా, "ధూపం వేయడం" అనే అనాలా?

జవాబు (నెల్లూరు నుంచి)

ఒకటి కావండీ. మూడూ వేర్వేరు చెట్ల నుంచి కారే బంకలు. పేర్లు కలిసిపోవడంతో సరుకూ కలిసిపోయింది.

సాంబ్రాణి సుమత్రా వైపు పెరిగే స్టైరాక్స్ జాతి చెట్లది. గడ్డ పగలగొడితే గోధుమరంగు ముద్దలో తెల్లటి పలుకులు కనిపిస్తాయి. వాసన తియ్యగా, కాస్త వెనిల్లాను గుర్తుచేస్తుంది. ఇంటికి కమ్మదనం కావాలంటే కొనాల్సింది ఇదే.

గుగ్గిలం దగ్గరే తికమక. సంస్కృతంలో గుగ్గులు అంటే రాజస్థాన్, గుజరాత్ మెట్టల్లో పెరిగే ముళ్లపొద బంక. గుగ్గిలం అన్న మాట దాని నుంచే వచ్చింది. తెలుగుకు వచ్చాక ఆ పేరు మన అడవుల్లోని సాల, జాలారి జాతుల బంకకు కూడా అంటుకుంది. మీకు ఇచ్చిన పసుపుపచ్చ పలుకులు అవే. గాజులాగా పెళుసుగా విరుగుతాయి, పొగ దండిగా వస్తుంది, తీపి ఉండదు. కర్ర పడవల సందులు పూడ్చడానికి నూనెలో కాచి వాడిందీ ఈ రకమే. జిగట ముద్ద అసలు గుగ్గులు. దాన్ని అంగళ్లలో మైసాక్షి అంటారు, మహిసాక్షి అన్నా అదే. కాస్త చేదు కలిసిన ఘాటు వాసన. ఆ పొద ఇప్పుడు అంతరించిపోయే దశలో ఉంది కాబట్టి రోజువారీ ధూపానికి వాడకపోవడమే మంచిది.

అందుకే అంగట్లో పేరొక్కటే చెప్పకండి. "విరిస్తే తెల్లపలుకులు కనిపించే సాంబ్రాణి గడ్డ" అని అడగండి. కంప్యూటర్ సాంబ్రాణి పేరుతో అమ్మే కప్పుల్లో ఎక్కువ పాలు బొగ్గుపొడి, రంపపు పొట్టు. బంక తక్కువ, సెంటు ఎక్కువ.

జవాబు (ఒంగోలు నుంచి)

మాట సంగతి నేను చెబుతాను. "పొగబెట్టడం" అనకండి. "పొమ్మనలేక పొగబెట్టినట్టు" అన్న సామెతతో ఆ మాటకు తరిమేయడమనే అర్థం స్థిరపడింది. ఎలుక బొరియకు పొగబెడతాం. దేవుడికీ ఇంటికీ ధూపం వేస్తాం. తలంటు పోసుకున్న జుట్టుకైతే సాంబ్రాణి పడతాం. క్రియ మారితే పనే మారిపోతుంది.

మళ్లీ ప్రశ్న (కావలి నుంచి)

చాలా సంతోషమండీ. ధూపం వేసినా గంట తిరక్కుండానే గదిలో ముక్కిన వాసన మళ్లీ వస్తోంది. కొన్నిసార్లు మాడు కంపు కూడా. ఎట్టా వేయాలి?

జవాబు (నెల్లూరు నుంచి)

ముందు మాడు సంగతి. మంట మీదో, ఎర్రగా కణకణలాడే నిప్పు మీదో బంక వేస్తే అది కరిగి వాసన ఇవ్వదు, అంటుకుని మసి కక్కుతుంది. రెండు కొబ్బరి చిప్పలు బయట కాల్చండి. మంట పూర్తిగా ఆరి, నిప్పుల మీద తెల్లటి బూడిద పొర కట్టేదాకా ఆగండి. మట్టి ధూపపాత్రలో ముందు రెండు వేళ్ల మందం ఇసుకో బూడిదో పోసి, దాని మీద నిప్పులు పెట్టండి. లేకపోతే పాత్ర అడుగు కాలి బండ పగులుతుంది. సాంబ్రాణి పొడి పావు చెంచా చాలు. అది ఆరాక ఇంకో పావు. ఒకేసారి చెంచాడు పోస్తే నిప్పు మీద కరిగిన బంక పేరుకుని నిప్పే చచ్చిపోతుంది.

కలుపుకోవాలనుకుంటే నాలుగు పాళ్లు సాంబ్రాణి, ఒక పాలు పసుపు గుగ్గిలం, ఒక పాలు ఎండిన వట్టివేరు తునకలు. గుగ్గిలం ఇంతకు మించితే కళ్లు మండుతాయి. గూడూరు, పొదలకూరు నిమ్మకాయలు మనకు కొదవ లేదు కదా, ఎండబెట్టిన నిమ్మతొక్క చిటికెడు వేస్తే మొదటి పొగ హాయిగా ఉంటుంది. తొక్క పెళపెళా విరిగేంత ఎండాలి. మెత్తగా ఉంటే కాల్చిన కూరగాయ వాసన వస్తుంది.

ఇక ముక్కిన వాసన. దీన్ని ధూపం కప్పుతుందే గానీ పోగొట్టదు. శరత్తు అంటే పుస్తకాల్లో తేటపడ్డ ఆకాశం. నెల్లూరు, ప్రకాశం తీరానికి మాత్రం ఈశాన్య రుతుపవనాల వానలు అప్పుడే. నెల్లూరుకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరులోపే పడుతుంది. గోడ చెమ్మ, బీరువా వెనక బూజు, ఆరీ ఆరని బట్టలు, వాసన అక్కడిది. బీరువాను గోడకు జానెడు ఎడంగా జరపండి. పళ్లెంలో అరకిలో గళ్లుప్పు పోసి బీరువా అడుగున పెట్టండి. ఇసకపల్లి వైపు మడుల్లో పండే ముతక ఉప్పు ఇందుకు మేలు. అందులో మిగిలిన మెగ్నీషియం లవణాలు చెమ్మను గట్టిగా లాగుతాయి. నీరూరితే ఆ నీళ్లు పారబోసి, ఎండ కాసిన రోజు ఉప్పు ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. ఇనప బీరువాకు ఉప్పు తగలనీయకండి, తుప్పు పడుతుంది. ధూపం ఆ తర్వాత మాట.

జవాబు (కందుకూరు నుంచి)

ఒకటి కలుపుతున్నాను. నిమ్మతొక్క, దాల్చినచెక్క, లవంగాలు నీళ్లలో మరిగించి ఇల్లంతా వాసన పట్టించడం ఇప్పుడు బాగా చెబుతున్నారు. పొడిగాలి ఉన్న చలిదేశాల్లో అది బాగుంటుంది. మన వానల్లో లీటరు నీళ్లు ఆవిరి చేయడమంటే గోడకు ఇంకాస్త చెమ్మ ఇవ్వడమే. వట్టివేరు తడికలు తడపడమూ వేసవి పని. ఈ నెలల్లో వట్టివేరు పొడిగానే వాడండి. గుప్పెడు వేర్లు, ఎండిన మరువం, దవనం పల్చటి నూలుగుడ్డలో మూటకట్టి బట్టల మధ్య పెడితే చాలు. మూట వాసన తగ్గితే పారేయకండి, చేత్తో నలిపి ఒక పూట ఎండలో పెడితే మళ్లీ లేస్తుంది.

జవాబు (ఒంగోలు నుంచి)

వాన పడుతోందని కిటికీలన్నీ మూసి ధూపం వేయొద్దు. నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, సాంబ్రాణి కమ్మదనంలో అసలే తెలియదు. గాలివాటానికి అవతలి పక్క కిటికీ తెరవండి. పడుకునే ముందు పాత్రను బయటపెట్టి నీళ్లు చల్లండి. ఆయాసం ఉన్నవాళ్లూ పసిబిడ్డలూ ఉన్న గదిలో మూటలే మేలు. పసిబిడ్డకు తలంటాక సాంబ్రాణి పట్టే అలవాటును కూడా మానుకోవాలి.

కావలి నుంచి

గడ్డ సాంబ్రాణిని పొడి చేస్తుంటే రోట్లో అంటుకుపోతోంది. దానికేమైనా ఉపాయముందా?

నెల్లూరు నుంచి

దంచే వేడికి మెత్తబడుతుందండీ. గడ్డను అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, గుడ్డలో చుట్టి పొత్రంతో నలగ్గొట్టండి. మెత్తటి పొడి అక్కర్లేదు, ఆవగింజంత పలుకులు నిదానంగా కరిగి ఎక్కువసేపు వాసన ఇస్తాయి. మైసాక్షిని మాత్రం దంచడానికి చూడకండి, చాకుతో కోసుకోవాల్సిందే.