అప్‌డేట్: కజియాడో అమ్మాయి మళ్లీ స్కూలుకి వెళ్తోంది

కెన్యాలోని కజియాడో ప్రాంతంలో మేం ఫీజు కట్టి చదివిస్తున్న మాసాయి (పశువుల మీద బతికే తెగ) అమ్మాయి సెలవుల తర్వాత హాస్టల్‌కి తిరిగి రాలేదు, ఏం చేయాలని నైరోబీ నుంచి అడిగాను కదా. ఇప్పుడు వెళ్తోంది, అందరికీ చాలా థాంక్స్. ట్యాబ్ కొనివ్వడం, ట్యూషన్ పెట్టించడం లాంటివేవీ అక్కర్లేకపోయాయి. హెడ్‌మిస్ట్రెస్ ఆ అమ్మాయి వాళ్లింటికి వెళ్తే అసలు సంగతి తెలిసింది: కరువుకి పశువులు పోయాయి, ఆ అమ్మాయికి పెళ్లి మాటలు నడుస్తున్నాయి. కెన్యాలో 2014 చట్టం ప్రకారం 18 నిండకుండా పెళ్లి నేరమే, కానీ కేసు పెడతామని బెదిరించకుండా ముందు ఊరి పెద్దలతో, చీఫ్‌తో (అక్కడి స్థానిక ప్రభుత్వ అధికారి) మాట్లాడమని మీరు అన్నారు చూడండి, అదే పనిచేసింది. పూసల దండలు అమ్మే వాళ్లమ్మ అందరి ముందూ గట్టిగా నిలబడింది. పరుపు, ట్రంకుపెట్టె, ప్యాడ్లు, బస్సు ఛార్జీ మా స్కాలర్‌షిప్‌లో లేవు, అవీ చేర్చాం. మీరూ సాయం చేస్తుంటే వీటి గురించి ముందే అడగండి, ఫీజు మాత్రం నేరుగా స్కూలు ఖాతాకే కట్టండి.