పరీక్ష పాసైతేనే గేట్ పాస్: కాంట్రాక్టు కార్మికులకు ఈ రూలు న్యాయమేనా?

అనకాపల్లి సేఫ్టీవాలా:

అందరికీ నమస్కారం. అనకాపల్లి జిల్లాలో మందుల ముడిసరుకు తయారుచేసే ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో ఈహెచ్‌ఎస్ (పర్యావరణం, ఆరోగ్యం, భద్రత) చూస్తాను. మొన్న సేఫ్టీ కమిటీ మీటింగులో ఒక ప్రతిపాదన పెడితే మావాళ్లే రెండు వర్గాలయ్యారు. మీరేమంటారో చూద్దామని ఇక్కడ పెడుతున్నాను.

ఇప్పుడు మా దగ్గర జరిగేది ఇది. ఉదయం ఎనిమిదిన్నరకి కాంట్రాక్టర్ ఆటోల్లో పన్నెండు మందిని దింపుతాడు. వాళ్లను ఒక గదిలో కూర్చోబెట్టి నలభై నిమిషాల వీడియో వేస్తాం. మాట ఇంగ్లిష్, కింద అక్షరాలు హిందీ. చివర్లో రిజిస్టర్ తిరుగుతుంది, సంతకం రానివాళ్లు వేలిముద్ర వేస్తారు. తొమ్మిదిన్నరకల్లా హెల్మెట్లు పెట్టుకుని ప్రొడక్షన్ బ్లాకులో ఉంటారు.

కిందటి నెల ఆ గదిలోంచి బయటికొచ్చిన ఒకాయన్ని అడిగాను, "సైరన్ మోగితే ఎటు వెళ్తావు?" అని. "సూపర్‌వైజర్ గారు ఎటు పొమ్మంటే అటండి" అన్నాడు. బ్లాకు మీద ఎగిరే విండ్ సాక్ చూపించి అదేంటన్నాను. "ఏదో జెండా అనుకున్నానండి." గ్యాస్ లీకైతే గాలి ఎటు వీస్తోందో చూసుకుని దానికి అడ్డంగా పరిగెత్తాలి. అది చూపించేదే ఆ గొట్టం. ఆయన సంతకం మాత్రం మా రిజిస్టర్‌లో భద్రంగా ఉంది.

నా ప్రతిపాదన: వీడియో అయ్యాక పది ప్రశ్నలు, నోటితోనే, వాళ్ల భాషలో. ఎనిమిది చెబితే గేట్ పాస్. లేకపోతే మర్నాడు మళ్లీ రావాలి. ఇది న్యాయమా, అన్యాయమా?

రియాక్టర్ రాజు:

అన్నా, మీ ఉద్దేశం మంచిదే. కానీ ప్రమాదాలన్నీ హెల్పర్‌కి తెలియక జరుగుతున్నాయనే దగ్గర మొదలుపెట్టారు చూడండి, అక్కడే నాకు అభ్యంతరం. నేను షిఫ్ట్ కెమిస్ట్‌ని, పద్నాలుగేళ్ల సర్వీసు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గర ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఊళ్ల మీదికి వచ్చింది. 12 మంది పోయారు. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఏం చెప్పింది? ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచేది అడుగున మాత్రమే. పైన ఎంత కాగుతోందో చూసే నాథుడు లేడు. స్టైరీన్ దానంతటది గడ్డకట్టి వేడెక్కకుండా కలపాల్సిన టీబీసీ అనే రసాయనం సరిగ్గా లేదు. సైరన్ మోగించడానికి 36 చోట్ల ఏర్పాటుంది, ఒక్కచోటా నొక్కలేదు. ఇప్పుడు చెప్పండి, ఇందులో ఏ హెల్పర్‌ని పది ప్రశ్నలు అడుగుతారు?

మీ పక్కనే, అచ్యుతాపురం సెజ్‌లో 2024 ఆగస్టు 21న సాల్వెంట్ (మండే ద్రావకం) లీకై పేలితే 17 మంది పోయారు. వాళ్లలో ఇంజినీర్లూ ఉన్నారు. మీ పరీక్షలో పదికి పది తెచ్చుకునేవాళ్లే.

ప్రమాదాన్ని ఆపే మార్గాలకు ఒక వరస ఉందని మీకు నేను చెప్పక్కర్లేదు. ముందు ప్రమాదకరమైన పదార్థాన్నే తీసేయాలి. కుదరకపోతే తక్కువ ప్రమాదమున్నది వాడాలి. ఆ తర్వాత ఇంటర్‌లాకులు (తేడా వస్తే మిషన్ దానంతటదే ఆగే ఏర్పాటు), నైట్రోజన్ బ్లాంకెటింగ్ (మంట అంటుకోకుండా ట్యాంకులో గాలి బదులు నైట్రోజన్ నింపడం), ఎర్తింగ్ లాంటి ఇంజినీరింగ్ పనులు. ట్రైనింగ్ వాటి తర్వాత వస్తుంది. మాస్కు, గ్లౌజులు ఆఖర్న. మనం ఎప్పుడూ ఆఖరి నుంచి మొదలుపెడతాం. ఎందుకంటే అదే చవక.

ఇండస్ట్రియల్ హెచ్ఆర్:

రాజు గారూ, చవక అంటున్నారు, ఒకసారి ప్లాంటు ఆపి రిపేర్లు చేసే షట్‌డౌన్ సీజన్‌లో మా టేబుల్ దగ్గర కూర్చోండి. పదిహేను రోజుల్లో రెండు వందల మంది ఫిట్టర్లు, వెల్డర్లు, హెల్పర్లు కావాలి. అందులో సగం మందిని గేటు దగ్గరే ఆపేస్తే కాంట్రాక్టర్ వాళ్లను పక్క కంపెనీకి తోలుకుపోతాడు. అక్కడ పరీక్షా ఉండదు, వీడియో కూడా ఉండదు. రూలు పెడితే ఇండస్ట్రియల్ ఎస్టేట్ మొత్తానికి ఒకేసారి పెట్టాలి. ఇంకో చిన్న ప్రశ్న, ఫెయిలైన రోజు కూలి ఎవరిస్తారు?

సోంపేట కుర్రాడు:

ఆ ప్రశ్న చిన్నది కాదు మేడమ్. మాకు అదే పెద్దది.

నేను ఆరేళ్లుగా హెల్పర్‌ని. పనిలోకి దిగేముందు ఇచ్చే ఈ ట్రైనింగులు, ఇండక్షన్లు, ఇప్పటికి పదకొండు అయ్యాయి. కంపెనీ మారినప్పుడల్లా అదే వీడియో, అందులో అదే తెల్ల హెల్మెట్ మనిషి. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ నా ప్రాణం కాపాడింది ఆ వీడియో కాదు.

కంపెనీ పేరు వద్దు. ఫ్యాక్టరీ మురుగునీటిని శుద్ధి చేసే ఈటీపీలో, సంపులో బురద తీసే పని. ముందురోజు నుంచే కుళ్లిన కోడిగుడ్డు వాసన. మర్నాడు పొద్దున సూపర్‌వైజర్ పైనుంచి "లోపల వాసన ఉందేంట్రా?" అని అడిగాడు. మాలో ఒకడు మెడ వంచి చూసి "ఇందాక ఉందండి, ఇప్పుడు లేదు" అన్నాడు. సరే దిగమన్నాడు. నిచ్చెన మీద నాలుగో మెట్టు దగ్గర వాడి చేతులు వదిలేశాయి. అరుపు కూడా లేదు. వాడి కోసం ఇంకొకడు దిగాడు. నేను మూడోవాణ్ని. ఒక కాలు లోపల పెట్టేశాను. వెనక నుంచి ఒక ముసలి ఫిట్టర్ నా చొక్కా కాలర్ పట్టుకుని ఈడ్చి కింద పడేశాడు. నన్ను అమ్మనా బూతులు తిట్టాడు. మొదటివాడు పోయాడు. రెండోవాడు బతికాడు గానీ ఇప్పటికీ మాట తడబడుతుంది.

ఆ గ్యాస్ ఎక్కువైతే ముక్కు మొద్దుబారిపోతుందని, వాసన ఆగిందంటే గ్యాస్ పోయినట్టు కాదని, ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర ఆ ఫిట్టరే చెప్పాడు. పదకొండు ఇండక్షన్లలో ఎవరూ చెప్పలేదు.

తర్వాత విచారణకు వచ్చినవాళ్లకు రిజిస్టర్ తీసి చూపించారు. "ఇతనికి ట్రైనింగ్ ఇచ్చాం, ఇదిగో సంతకం" అని. వాడు ఆ సంతకం పెట్టిన రోజు నేను పక్కనే కూర్చున్నాను. కరెంటు పోయి వీడియో పది నిమిషాలే ఆడింది.

అందుకే భయం. రేపు పరీక్ష పెట్టి పాసయ్యాడని రాసుకుంటే, మేం చచ్చాక ఆ కాగితం ఇంకా గట్టిగా పనిచేస్తుంది.

గల్ఫ్ శ్రీను:

తమ్ముడూ, నువ్వు చెప్పింది చదివి కాసేపు అట్లనే కూర్చున్నా.

మాది జగిత్యాల దగ్గర. సౌదీల రిఫైనరీ షట్‌డౌన్‌లు తొమ్మిదేళ్లు చేసిన. అక్కడ నువ్వు చెప్పిన ఆ కోడిగుడ్డు వాసన గ్యాస్, హైడ్రోజన్ సల్ఫైడ్, పేరు మీద ప్రత్యేకంగా కార్డు ఇస్తరు. క్లాసు ఒక పూట. ఆ తర్వాత సిలిండర్ వీపుకి కట్టి మాస్కు పెట్టించి చీకటి గదిలో నడిపిస్తరు. గడ్డం ఉంటే వెనక్కి పంపిస్తరు, ఎందుకంటే మాస్కు చెంపకి అతుక్కోదు. అందరం పొద్దున్నే గీసుకునేటోళ్లం. కార్డు లేకుంటే గేటు దాటనియ్యరు. ఆ ట్రైనింగ్ టైముకు జీతం పడతది. అందుకని ఎవరూ గొణగలే.

కాబట్టి పరీక్ష పెట్టండి, నేనైతే ఓకే. కానీ నిజం దాచొద్దు కదా, అక్కడ కూడా రాత పరీక్ష జవాబులు క్యాంపులో ముందే తిరిగేవి. "ఏ, సీ, బీ, బీ, డీ" అని పాటలెక్క కంఠస్థం. ప్రశ్నలేమిటో చదివినోడు లేడు. చీకటి గదిని మాత్రం ఎవడూ కాపీ కొట్టలేకపోయిండు. ప్రశ్నలు అడగకండి సేఫ్టీ అన్నా, చేసి చూపించమనండి.

పటాన్‌చెరు అక్క:

మగవాళ్లందరూ పరీక్ష గురించి మాట్లాడుతున్నారు. హౌస్‌కీపింగ్ ఆడవాళ్లకి ఆ వీడియో కూడా లేదని ఎవరికైనా తెలుసా? "ఊడ్చేవాళ్లకి ట్రైనింగ్ ఎందుకు" అంటారు. ఖాళీ డ్రమ్ములు కడిగేది మేమే. ఖాళీ అనేది పేరుకే, అడుగున అరలీటరు మిగిలి ఉంటుంది. అదేమిటో మాకు తెలీదు, లేబుల్ ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఒకసారి మూత తీయగానే కళ్లు తిరిగి డ్రమ్ము మీదే పడిపోయాను. "టిఫిన్ తిన్లేదా" అని అడిగారు.

మాకిచ్చే గంబూట్లు ఏడో నంబరు నుంచి మొదలు. నాది ఐదు. ముందు గుడ్డ కుక్కుకుని నడుస్తాం. సైరన్ మోగితే ఆ బూట్లతో ఎంత దూరం పరిగెత్తుతామో మీ పది ప్రశ్నల్లో రాసుకోండి.

భాష సంగతి కూడా. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీలో పేలుడు జరిగింది, బిల్డింగే కూలింది, 40 మందికి పైగా పోయారు. ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు ఎంతమందో. మా లైన్లో కూడా ఒడియా పిల్లలున్నారు. వాళ్లకి మీరు తెలుగు వీడియో వేసినా అది ఇంగ్లిష్ వీడియో లాంటిదే.

రిటైర్డ్ ఇన్‌స్పెక్టర్:

సంతకం గురించి ఆ అబ్బాయి అన్న మాట మీద ఒక వివరణ. ఫ్యాక్టరీల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. కొత్త లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. నంబర్లు మారాయి గానీ నా నాలుక మీద పాతవే ఉన్నాయి, అవే చెబుతాను.

1948 ఫ్యాక్టరీల చట్టంలో 7ఎ సెక్షన్ ప్రకారం సమాచారం, శిక్షణ, పర్యవేక్షణ మూడూ యాజమాన్యం బాధ్యతే. శిక్షణ ఇచ్చి పర్యవేక్షణ ఎగ్గొడితే బాధ్యత తీరినట్టు కాదు. భోపాల్ తర్వాత 1987లో చేసిన సవరణతో 111ఎ వచ్చింది. శిక్షణ పొందడం కార్మికుడి హక్కని రాశారు. హక్కు అన్నదాన్ని ఫెయిలైతే ఇంటికి పంపే షరతుగా మార్చడం నాకు మింగుడుపడటం లేదు. ఫెయిలైంది నేర్పినవాడు కదా?

ఆ సంపు విషయంలో 36వ సెక్షన్ చాలా స్పష్టం. లోపల గ్యాస్ లేదని అర్హత ఉన్న వ్యక్తి పరీక్షించి రాసివ్వాలి. లేదా శ్వాస పరికరం పెట్టుకుని, నడుముకు బెల్టు, దానికి తాడు, ఆ తాడు కొస బయట ఒక మనిషి చేతిలో ఉండాలి. "వాసన ఉందేంట్రా" అని అడగడం గ్యాస్ టెస్టు కాదు.

ఇక నష్టపరిహారం. కార్మికుడు భద్రతా నియమాన్ని కావాలని ధిక్కరించాడు కాబట్టి డబ్బివ్వం అనే వాదన 1923 నాటి పరిహార చట్టంలో ఉన్నమాట నిజమే. కానీ మనిషి చనిపోయినా, పూర్తిగా శాశ్వత వైకల్యం వచ్చినా ఆ వాదన చెల్లదు. ఈ ముక్క తెలియక రిజిస్టర్ చూడగానే బెదిరిపోయి, ఇచ్చినంత తీసుకుని వెళ్లిపోయిన కుటుంబాలను నేను చూశాను. బాబూ, నీ స్నేహితుడి ఇంటివాళ్లకు ఎంత ముట్టిందో కనుక్కో.

సోంపేట కుర్రాడు:

కనుక్కుంటాను సార్. వాళ్లమ్మకి ఫోన్ చేస్తా.

అనకాపల్లి సేఫ్టీవాలా:

ఇన్‌స్పెక్టర్ గారూ, "ఫెయిలైంది నేర్పినవాడు" అన్నది గట్టిగా తగిలింది. సరే, మార్చుకుంటున్నాను. ఫెయిలైనా ఆ రోజు కూలి కంపెనీదే, మళ్లీ నేర్పాల్సింది నేను. హౌస్‌కీపింగ్ కూడా కలుపుతాను. అక్కా, ఐదో నంబరు బూట్లకు ఇవాళే ఇండెంట్ పెట్టాను. కానీ పరీక్ష వద్దనే మాట ఒప్పుకోను రాజూ. ఇంటర్‌లాకు కోసం బడ్జెట్ వచ్చేదాకా విండ్ సాక్‌ని జెండా అనుకునే మనిషిని లోపలికి పంపనా?

రియాక్టర్ రాజు:

పంపొద్దు. నేను అడిగేది వరస మార్చమని. ముందు మమ్మల్ని అడగండి. షిఫ్ట్ ఇన్‌చార్జిల్ని, బ్లాకు మేనేజర్లని, కుదిరితే ప్లాంట్ హెడ్‌ని. మొదటి ప్రశ్న నేనే ఇస్తాను: "హెల్పర్ పని ఆపేస్తే నువ్వు ఏం చేస్తావు?" దానికి మీ ప్లాంటులో ఏం జవాబులు వస్తాయో ఇక్కడ పెట్టండి. ట్రైనింగ్ మీద మన వాదన అక్కడే తేలిపోతుంది. బ్యాచ్ ఆగితే రాత్రి రెండింటికి ఫోన్ ఎవరికి వస్తుందో, ఏ భాషలో తిడతారో నాకు తెలుసు.

అనకాపల్లి సేఫ్టీవాలా:

మీ సవాలు తీసుకున్నాను. నిన్న, ఇవాళ కలిపి ఏడుగురు ఇన్‌చార్జిల్ని విడివిడిగా అడిగాను.

మీ ప్రశ్నకి ఐదుగురు "ముందు నాకు చెప్పమంటాను" అన్నారు. ఒకాయన నవ్వాడు. ఒక్కడు మాత్రం "ఆపనిస్తాను, కానీ మీరు నా వెనక నిలబడతానని రాసివ్వండి సార్" అన్నాడు. ఏం రాసివ్వాలో ఇంకా ఆలోచిస్తున్నాను.

విండ్ సాక్ నలుగురికే తెలుసు. శ్రీను చెప్పినట్టు చేసి చూపించమన్నాను, సైరన్ మోగితే అందరూ చేరాల్సిన అసెంబ్లీ పాయింట్‌కి నడిపించమని. ఇద్దరు నన్ను పాత పాయింట్‌కి తీసుకెళ్లారు. ఆరు నెలల క్రితం దాన్ని మార్చాం, మెయిల్ కూడా పెట్టాం. పాత చోట ఇప్పుడు టోలీన్ (ఇట్టే మండే సాల్వెంట్) డ్రమ్ములు పేర్చి ఉన్నాయి. ఆకుపచ్చ బోర్డు మాత్రం అలాగే ఉంది, డ్రమ్ముల పైనుంచి బాణం గుర్తు కనబడుతోంది.

పటాన్‌చెరు అక్క:

ఆ బోర్డు తీయించారా మరి?

అనకాపల్లి సేఫ్టీవాలా:

మెయింటెనెన్స్ వాళ్లు సోమవారం తీస్తామన్నారు. నేను ఇప్పుడే నిచ్చెన తీసుకుని వెళ్తున్నాను.