30 శాతం గ్లైకోలిక్ పీల్ కొనేశాను, ఇంట్లో వేసుకోవచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది ఖమ్మం. రెండో కాన్పు తర్వాత బుగ్గల మీద మంగు మచ్చలు వచ్చాయి. మెడికల్ షాపులో అడిగితే ఒక క్రీమ్ ఇచ్చారు, నాలుగు నెలలుగా రాత్రిపూట రాస్తున్నాను. రాసినన్నాళ్లూ ముఖం తేటగా ఉంటుంది, రెండు రోజులు మానేస్తే ఎర్రబడి మంట పుడుతుంది. మొన్న ఆన్‌లైన్‌లో 30 శాతం గ్లైకోలిక్ యాసిడ్ పీల్, అదే చర్మం పైపొర ఊడొచ్చేలా రాసే యాసిడ్, తెప్పించాను. ఇంకో 12 రోజుల్లో మా ఆడపడుచు పెళ్లి. ఎన్ని నిమిషాలు ఉంచుకోవాలో ఎవరైనా చెప్పండి.

సమాధానం:
చెల్లీ, ఆ సీసా మూత తీయకు. నేను చాలా ఏళ్లు ఒక స్కిన్ క్లినిక్‌లో నర్సుగా పనిచేశాను, పీల్ వేసే గదిలోనే డ్యూటీ. నాకు సీసా కంటే నీ క్రీమ్ గురించే ఎక్కువ భయంగా ఉంది. ట్యూబ్ వెనక సన్న అక్షరాలు చదువు. మొమెటాసోన్, బీటామెథసోన్, క్లోబెటసాల్, ఫ్లూసినోలోన్, వీటిలో ఏది ఉన్నా అది స్టెరాయిడ్. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది. మానేస్తే ఎర్రబడుతోంది అన్నావు చూడు, చాలామందిలో అది దాని లక్షణమే. అలాంటి చర్మం మీద యాసిడ్ వేస్తే ఒకచోట పైపైన ఉంటుంది, ఇంకోచోట లోతుగా దిగిపోతుంది.

ఇక 30 శాతం సంగతి. గ్లైకోలిక్ అణువు చాలా చిన్నది, త్వరగా లోపలికి పోతుంది. ఇంట్లో వాడేవాటికి 10 శాతం దాటకుండా, పీహెచ్ (తగ్గేకొద్దీ యాసిడ్ ఘాటు పెరిగే కొలత) 3.5కి తగ్గకుండా ఉండాలని అమెరికాలో కాస్మెటిక్ పదార్థాలను పరిశీలించే నిపుణుల సంఘం ఎప్పుడో చెప్పింది. 30 శాతం దాకా అయితే శిక్షణ ఉన్నవాళ్లే వేసి, కాసేపట్లో కడిగేయాలి. చర్మ డాక్టర్ లేదా శిక్షణ ఉన్నవాళ్ల పర్యవేక్షణ లేకుండా ఘాటైన పీల్స్ కొనొద్దు, వాడొద్దు అని 2024 జూలైలో అక్కడ మందులు, కాస్మెటిక్స్ మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ కూడా హెచ్చరించింది.

మేం ఎలా వేసేవాళ్లమో చెబితే నీకే అర్థమవుతుంది. కళ్ల మూలలు, ముక్కు పక్కలు, పెదవుల చివర్లు వాజిలీన్‌తో మూసేసేవాళ్లం. ఒకరు బ్రష్‌తో వేస్తుంటే ఇంకొకరు గడియారం పట్టుకుని నిలబడేవారు. ఎక్కడైనా బాగా ఎర్రబడినా, బూడిద తెలుపు కనబడినా టైమ్ అవ్వకపోయినా అక్కడ వెంటనే ఆపేసేవాళ్లం. కళ్లు మూసుకుని, మంట ఓర్చుకుంటూ నీ ముఖం నువ్వే అలా చూసుకోలేవమ్మా.

మరొకరు:
అక్క చెప్పింది నిజం, నేను కాల్చుకున్నదాన్ని. ముందురోజు పైపెదవికి త్రెడింగ్ చేయించుకుని, మర్నాడు ఇలాంటి పీలే వేసుకున్నాను. రెండు నిమిషాలకే పెదవి పైన శనగబద్దంత తెల్లమచ్చ. కడిగేశాను, పోయిందిలే అనుకున్నాను. మూడో రోజుకి గోధుమరంగు చెక్కు కట్టింది, గోటితో లాగేశాను. కింద పడిన నల్లమచ్చ ఎనిమిది నెలలైనా ఎండలో కనబడేది. మన చామనఛాయ ఒంటికి కాలితే మచ్చ చాలావరకు నల్లగానే మిగులుతుంది.

అడిగినవారు:
ట్యూబ్ మీద మొమెటాసోన్ అనే ఉంది అక్కా. చేతులు వణికాయి. పెళ్లయ్యాక ఇంట్లో చేసుకోగలిగింది ఏమైనా ఉందా? నిమ్మరసం, వంటసోడా అంటున్నారు.

సమాధానం:
టెన్షన్ పడకు, దారి ఉంది. కానీ నిమ్మరసం వద్దే వద్దు, అదీ యాసిడే, ఎంత ఘాటో కొలత ఉండదు. అది రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలు కూడా లేస్తాయి. వంటసోడా క్షారం, చర్మాన్ని ఇంకా పాడుచేస్తుంది. పెళ్లిలోపు కొత్తది ఏదీ మొదలుపెట్టకు.

ముందు డాక్టర్‌ని కలువు, క్రీమ్ ఎలా మానాలో వాళ్లే చెప్పాలి. పాలిస్తుంటే, పెదవుల మీద జ్వరం పొక్కులు వచ్చే అలవాటుంటే అదీ చెప్పు. ముఖం కుదుటపడి, వాళ్లు సరే అంటే 5 శాతం లాక్టిక్ యాసిడ్‌తోనో మాండెలిక్ యాసిడ్‌తోనో మొదలుపెట్టొచ్చు. మాండెలిక్ అణువు పెద్దది, నెమ్మదిగా దిగుతుంది. ముందు చెవి వెనక కొంచెం రాసి రెండు రోజులు చూడు. తర్వాత వారానికి ఒక్క రాత్రి, పొడి ముఖం మీద. ఆ వారంలో త్రెడింగ్, వ్యాక్సింగ్, బ్లీచ్, ట్రెటినాయిన్ (మచ్చలకి, మొటిమలకి రాసే విటమిన్ ఎ రకం మందు) ఏవీ వద్దు. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా రోజూ రాయి, రంగు కలిసినదైతే మంగుకి ఇంకా మంచిది. యాసిడ్ మానేసిన వారం వరకూ చర్మం ఎండకి ఓర్చుకోలేదు.

ఎప్పుడైనా బాగా మండితే కుళాయి కింద ఇరవై నిమిషాలు చల్లని నీళ్లు పోస్తూనే ఉండు. ఐస్, పసుపు, టూత్‌పేస్ట్ ఏవీ పెట్టకు. కంట్లో పడితే నీళ్లతో కడిగి, వెంటనే ఆస్పత్రికి వెళ్లు.

అడిగినవారు:
రేపు సాయంత్రానికి అపాయింట్‌మెంట్ దొరికింది అక్కా. ఫోన్‌లో ట్యూబ్ ఫొటో తీసుకున్నాను.

సమాధానం:
ఫొటో చాలదు చెల్లీ. ట్యూబ్, సీసా రెండూ సంచిలో వేసుకెళ్లు. ఎన్నాళ్లుగా రాస్తున్నావో మొహమాటపడకుండా చెప్పు.