మైలుతుత్తంలో ఉన్నది మైలేనా?

ప్రశ్న:
మా అద్దాల తొట్టిలో గప్పీలు, నాలుగు చిట్టి రొయ్యలు ఉన్నాయి. మేత డబ్బా వెనక సన్నటి అక్షరాల్లో 'కాపర్ సల్ఫేట్' అని కనబడితే మా నాన్నగారికి చదివి వినిపించాను. "అది మైలుతుత్తం కదరా! నిమ్మచెట్లకు సున్నంతో కలిపి కొట్టేవాళ్లం. చేపలకు పెడతారా?" అని డబ్బా అటక మీద పెట్టించారు. ఈ పేరులో ఉన్నది మనం అంటు, మైల అంటామే, ఆ మైలేనా? విషమని పేరులోనే చెప్పారా?

జవాబు:
కాదండీ, అందులో ఉన్నది నెమలి. తమిళంలో మయిల్ అంటే నెమలి, వాళ్లు దీన్ని మయిల్‌తుత్తం అంటారు. తుత్తం సంస్కృతంలోని తుత్థమే. అమరకోశంలో మయూరకం, శిఖిగ్రీవం అనే పేర్లు కూడా ఉన్నాయి. శిఖిగ్రీవమంటే నెమలి మెడ! ఒక పలుకును కిటికీ వెలుతురులో చూస్తే ఆ పేరు పెట్టినవాళ్ల కంటికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. బడిలో పరీక్షనాళికలో వేడిచేసి చూపించేవాళ్లు: పలుకులోని నీరు పోగానే తెల్లటి పొడి, చుక్క నీళ్లు పడగానే మళ్లీ నీలం.

నాన్నగారి భయం ఉత్తది కాదు. ఆయన నిమ్మచెట్లకు కొట్టిన సున్నం కలిపిన మందును బోర్డో మిశ్రమం అంటారు. ఒక శాతం మిశ్రమానికి 100 లీటర్ల నీళ్లలో కిలో మైలుతుత్తం, కిలో సున్నం పడతాయి. కానీ కాపర్ అంటే రాగే కదా, చేపకు మేతలో కావలసిన రాగి కిలో మేతకు 3 నుంచి 5 మిల్లీగ్రాములే. ఒంట్లో కొన్ని ఎంజైములు పనిచేయాలంటే ఆ కాస్తా ఉండాలి. మీ రొయ్యల సంగతి ఇంకా ముచ్చటైనది. వాటి రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థంలో ఉన్నది రాగే, ప్రాణవాయువు అందగానే అది నీలమవుతుంది. మళ్లీ అదే నెమలి రంగు.

అందుకే డబ్బా మీద ఒట్టి పేరు సరిపోదంటాను. 'మైలుతుత్తం, కిలోకు ఇన్ని మిల్లీగ్రాములు' అని తెలుగులో అచ్చువేస్తే నాన్నగారే చదువుకుని తేల్చుకునేవారు.

ప్రశ్న:
డబ్బా అటక దిగిందండీ. చేపల ఒంటిమీద తెల్లచుక్కలకు వాడే మందు సీసా మీద కూడా ఇదే పేరుంది. అదీ వేయొచ్చా?

జవాబు:
ఆ తొట్టిలో వద్దు! మేతలో ఉన్నది పిసరంత, అదీ కడుపులోకి పోయేది. మందైతే రాగి నీళ్లలోనే కరుగుతుంది, చేపలు ఓర్చుకునే మోతాదుకే రొయ్యలు చచ్చిపోతాయి. జబ్బు చేసిన గప్పీలను వేరే తొట్టిలోకి మార్చి అక్కడ వాడండి.