బరంపురంలో కొన్న పాత ఇంటికి కరెంటు, గ్యాసు: ఏ పని ముందు?

ప్రశ్న – ఇచ్ఛాపురం వాసి

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా ఒడిశాలోని బరంపురంలో అద్దెకు ఉంటున్న మేము ఇటీవల అక్కడే ఒక పాత ఇల్లు కొనుక్కున్నాము. రిజిస్ట్రేషన్ పూర్తయింది, వచ్చే నెలలో గృహప్రవేశం. కరెంటు మీటరు ఇంకా అమ్మినవారి పేరిటే ఉంది. గ్యాసు కనెక్షన్ ఇచ్ఛాపురంలో నాన్నగారి పేరిట ఉంది, అమ్మానాన్నలు అక్కడే ఉంటారు. మా ఇద్దరి ఆధార్ కార్డుల్లోనూ ఆంధ్ర చిరునామాయే ఉంది. పాలు పొంగించే నాటికి రెండూ సిద్ధంగా ఉండాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో దయచేసి చెప్పగలరు.

సమాధానం – బరంపురం పాతకాపు

కరెంటు పని ముందు చూసుకోండి. మన వైపు సరఫరా 2021 జనవరి నుంచి టీపీ సదరన్ ఒడిశా సంస్థ చేతిలో ఉంది. పెద్దవాళ్లు ఇప్పటికీ సౌత్‌కో అనే అంటారు. మీకు కొత్త కనెక్షన్ అక్కరలేదు, పేరు మార్పిడి చాలు. అయితే దరఖాస్తు పెట్టేముందు అమ్మినవారిని వెంటబెట్టుకుని వెళ్లి, పాత బాకీ ఏమీ లేదని తేల్చుకోండి. నిబంధనలు అనుమతిస్తే పాత యజమాని బకాయిని కొత్తగా కనెక్షన్ కోరేవారి నుంచి అడగవచ్చని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది గనుక, ఈ విషయంలో మొహమాటం పనికిరాదు. తాళాలు అందుకున్న రోజునే మీటరు రీడింగు ఫోటో తీసి, ఆ అంకెను ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు చేయండి.

బిల్లులో మంజూరైన లోడు, అంటే ఇంటికి ఒకేసారి వాడుకోవడానికి అనుమతించిన కరెంటు, ఎంతో కూడా చూడండి. ఏసీ, గీజరు పెట్టే ఆలోచన ఉంటే పేరుతోపాటే లోడు పెంపు కూడా అడగడం మేలు. ఇక నేను గట్టిగా చెప్పేది ఎర్తింగు గురించి. సముద్రం ఇంత దగ్గరగా ఉన్న ఊళ్లో పాత ఇంటి ఎర్తు తుప్పు పట్టి ఉండవచ్చు. సామాను దించకముందే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి పెట్టించండి. గోడలకు రంగులు ఆరు నెలల తర్వాత వేయించుకున్నా నష్టం లేదు.

సమాధానం – పర్లాకిమిడి అక్క

బాబూ, నాన్నగారి కనెక్షన్ జోలికి వెళ్లకండి. వారి వంట వేరు, మీ వంట వేరు కాబట్టి మీ పేరిట కొత్తది తీసుకోవచ్చు. ఆధార్‌లో చిరునామా మారలేదని ఆగనక్కరలేదు, ఇంటి రిజిస్ట్రేషన్ పత్రాన్ని చిరునామా రుజువుగా చూపవచ్చు. 14.2 కిలోల సిలిండరుకు డిపాజిట్‌ను 2022 జూన్‌లో 2,200 రూపాయలకు, రెగ్యులేటరుకు 250కి పెంచారు. కనెక్షన్ వదులుకున్నప్పుడు ఆ సొమ్ము తిరిగి వస్తుంది కనుక డిపాజిట్ కట్టినట్టు ఇచ్చే సబ్‌స్క్రిప్షన్ వోచరును ఇంటి పత్రాలతోపాటు దాచండి. పొయ్యి కూడా తమ దగ్గరే కొనాలని ఏజెన్సీవారు పట్టుబడితే ఒప్పుకోకండి, అటువంటి నియమం లేదు.

సిలిండరు రాగానే పైచట్రం పట్టీ లోపలివైపు రాసిన అక్షరం, అంకె చూడండి. ‘సి-27’ అని ఉంటే 2027 సెప్టెంబరులోగా దాన్ని మళ్లీ పరీక్షించాలని అర్థం. గడువు దాటినదైతే అక్కడికక్కడే వెనక్కి పంపండి. డెలివరీ మనిషి వెళ్లకముందే మూత తీయించి, లోపలి రబ్బరు వాషరు ఉందో లేదో, గ్యాసు కారుతోందో లేదో చూపించమనండి. వాసన వస్తే 1906కు ఫోన్ చేయాలని ఇంట్లో అందరికీ తెలియాలి.

ప్రశ్న – ఇచ్ఛాపురం వాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. ముహూర్తం నాటికి కనెక్షన్ రాకపోతే ఏం చేయాలి?

సమాధానం – పర్లాకిమిడి అక్క

5 కిలోల చిన్న సిలిండరు తీసుకోండి. దానికి చిరునామా రుజువు అడగరు, గుర్తింపు కార్డు చాలు. గ్యాసుకు మార్కెట్ ధర చెల్లించాలి కాబట్టి రోజువారీ వంటకు గిట్టుబాటు కాదు గాని, పాలు పొంగించడానికీ మొదటి వారం వంటకూ సరిపోతుంది. దానికి సరిపోయే రెగ్యులేటరు అక్కడే అడిగి తీసుకోండి.