పోయినవాళ్ళ పేర్లు ఒకే గోడ మీద, ఒకే సైజులోనా?

గుమ్మం దగ్గర:
ఒక ఆర్ట్ మ్యూజియంలో స్మృతి ఫలకం పెట్టాలనుకుంటున్నారు. కాలం చేసిన దాతలు, చిత్రకారులు, అక్కడ పనిచేసిన సిబ్బంది, ముగ్గురికీ కలిపి ఒకటే గోడ. పేచీ అంతా అక్షరాల సైజు దగ్గరొచ్చింది. భవనం కట్టించినాయన పేరు, ముప్పై ఏళ్ళు హాల్లో స్టూలు మీద కూర్చుని కాపలా కాసినాయన పేరు ఒకే కొలతలో చెక్కాలా? మీరైతే ఏమంటారు?

రాతిమెట్టు:
సమానం అంటే వినడానికి బాగానే ఉంటుందండీ. కానీ దాత లేకపోతే ఆ గోడే లేదు. లండన్‌లో డల్విచ్ గ్యాలరీ ఉంది. ఫ్రాన్సిస్ బూర్జ్వా 1811లో పోతూ తన బొమ్మలన్నీ రాసిచ్చి వెళ్ళాడు. ఆయన్నీ, ఆ సేకరణ మొదలుపెట్టిన డెసన్‌ఫాన్స్ దంపతులనీ గ్యాలరీలోనే సమాధి చేశారు. బొమ్మలు చూస్తూ నడుస్తుంటే పసుపు వెలుతురు పడే చిన్న గది వస్తుంది, వాళ్ళు ముగ్గురూ అక్కడే. అందులో ఎవరికీ అభ్యంతరం కనబడలేదు. ఇచ్చినవాడికి పెద్దపీట వేస్తే తప్పేంటి?

ఫ్రేముల పనివాడు:
పాతికేళ్ళుగా బొమ్మలు తగిలించే పనిలో ఉన్నాను. నాకు పని నేర్పినాయన కిందటేడు పోయారు. ఎక్కడో చెప్పను. బొమ్మ గోడకెక్కించాక కొక్కేన్ని రెండు వేళ్ళతో కిందికి లాగి చూసేవారు, ఒకసారి కాదు, మూడుసార్లు. దించినప్పుడల్లా ఫ్రేము వెనక చెక్క మీద పెన్సిల్‌తో తేదీ, తన పొడి అక్షరాలు రాసేవారు. పెన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు, సిరా దిగుతుందని. ఆయన పోయినప్పుడు నోటీసు బోర్డుకి నాలుగు లైన్ల కాగితం అంటించారు. వారం తిరక్కుండా దాని మీద సెలవుల జాబితా పడింది. రాతిమెట్టు గారూ, పెద్దపీట సంగతి తర్వాత, ముందు పీటంటూ ఒకటి వెయ్యమనండి.

చిల్లర ప్రశ్న:
నా భయం వేరు. రాతి మీద చెక్కాక తీయడం ఎలా? శాక్లర్లని అమెరికాలో మందుల కంపెనీ కుటుంబం, మ్యూజియంలకి పెద్ద దాతలు. వాళ్ళ పేరు 2019లో పారిస్ లూవ్ర్ మ్యూజియం తీసేసింది, 2021 డిసెంబరులో న్యూయార్క్ మెట్ మ్యూజియం కూడా తీసేసింది. కారణం వాళ్ళ కంపెనీ అమ్మిన ఆక్సీకాంటిన్ అనే నొప్పి మాత్రలు, వాటికి బానిసలైనవాళ్ళ చావులు. తీసేయాల్సిందేనంటాను నేను. కానీ ఒక మెలిక ఉంది. అన్నదమ్ముల్లో పెద్దవాడు ఆర్థర్ 1987లోనే పోయాడు, ఆ మాత్ర బజారుకొచ్చింది 1996లో. పోయినాయన వచ్చి తన మాట చెప్పుకోలేడు కదా. అందుకే అడుగుతున్నా, దాత పేరు పెట్టడం గౌరవమా, ఒప్పందమా? ఒప్పందమైతే దాని చోటు వేరే, ఏ హాలు గుమ్మం మీదో పెట్టుకోండి. సంతాపం తెలిపే గోడ మీదకి డబ్బు లెక్క తేవద్దు.

రాతిమెట్టు:
ఇది ఒప్పుకుంటా. హాలు పేరు వేరు, స్మృతి వేరు. నేను రెండూ కలిపేశాను.

రంగుల డబ్బా:
చిత్రకారులకి మళ్ళీ గోడెందుకండీ? ప్రతి బొమ్మ పక్కనా చీటీ ఉంటుంది, పుట్టిన ఏడు, పోయిన ఏడుతో సహా. అదే వాళ్ళ ఫలకం. మరీ కావాలంటే చిత్రకారుడు డాలీలా చేసుకోవాలి, స్పెయిన్‌లోని ఫిగెరెస్‌లో తన మ్యూజియం స్టేజీ కిందే సమాధిలో ఉన్నాడు! అసలు చీటీ లేనిది సిబ్బందికే. 1941లో జర్మన్ సైన్యం మీదకొస్తుంటే రష్యాలో లెనిన్‌గ్రాడ్ హెర్మిటేజ్ మ్యూజియం నుంచి పది లక్షల పైచిలుకు వస్తువులు రైళ్ళెక్కించి పంపేశారు. ఖాళీ ఫ్రేములు మాత్రం గోడల మీదే ఉంచారు, ఏ బొమ్మ ఎక్కడిదో తెలియడానికి. తర్వాత జర్మన్లు ఆ ఊరిని ముట్టడించినప్పుడు ఆకలితో పోయిన ఉద్యోగులున్నారు. బొమ్మలు తిరిగొచ్చి ఆ ఫ్రేముల్లోనే కూర్చున్నాయి.

చిల్లర ప్రశ్న:
సైజు గొడవకి నాకు తోచింది చెబుతాను. వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధ స్మారకం, 1982 నాటిది. 58,000 పైగా పేర్లు. అక్షర క్రమం కాదు, హోదా అసలే రాయలేదు, ప్రాణం పోయిన తేదీల వరుస. జనరలైనా సిపాయైనా అంతే. మ్యూజియం గోడ కూడా అలాగే పెట్టొచ్చు. ఒకే సైజు, పోయిన ఏడాది వరుస, పక్కన దాత అనీ గార్డు అనీ ఏమీ రాయకూడదు.

రాతిమెట్టు:
ఏం చేశారో రాయకపోతే చూసేవాడికి ఎవరెవరో ఎలా తెలుస్తుందండీ? అది కూడా ఒకరకం మరుపే. ఒక్క ముక్క రాయాలి. ‘బొమ్మలిచ్చారు’, ‘బొమ్మలు తగిలించారు’. సైజు ఒకటే ఉంటే ఉండనివ్వండి.

గుమ్మం దగ్గర:
ఇది బాగుంది. తేదీల వరుస, ఒకే సైజు, ఒక్క ముక్క. కమిటీలో ఇదే చెబుతా. ఫ్రేముల అన్నా, మీరేమంటారు?

ఫ్రేముల పనివాడు:
మా గురువుగారి పక్కన ఎవరి పేరొచ్చినా ఫర్వాలేదు తమ్ముడూ. పొడి అక్షరాలు కాకుండా పూర్తి పేరు చెక్కమను. చెక్కే ముందు ఇంట్లోవాళ్ళని అడగమను, జీతాల రిజిస్టర్లో ఆయన పేరు ఇప్పటికీ తప్పుగానే ఉంది.